చేతులకు గుర్తుంటుంది
డిమెన్షియా ఉన్నవారికి, వారిని చూసుకునేవారికి ఆన్‌లైన్ తేలికపాటి వ్యాయామం: మీ ప్రశ్నలు, మా జవాబులు

డిమెన్షియా అంటే జ్ఞాపకం, ఆలోచన క్రమంగా తగ్గిపోయే జబ్బు. అల్జీమర్స్ అందులో ఎక్కువగా కనిపించే రకం. ఆ జబ్బున్న మనిషీ, చూసుకునే మనిషీ ఇంట్లోనే పక్కపక్కన కూర్చుంటారు. వీడియోకాల్‌లో టీచరు చూపిస్తుంటే ఇద్దరూ మెల్లగా కదులుతారు. కోవిడ్ రోజుల నుంచి ఇలాంటి తరగతులు అలవాటులోకి వచ్చాయి. వీటి గురించి మీరు రాసిన ఉత్తరాల్లో ఎక్కువగా కనిపించిన ప్రశ్నలకు ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా అత్తయ్యకు 74 ఏళ్ళు. అల్జీమర్స్ అని రెండేళ్ళ కిందట చెప్పారు. టీచరు ‘కుడి చెయ్యి పైకెత్తండి’ అంటే ఆవిడ నా మొహం చూస్తారు. చెయ్యి పట్టుకుని ఎత్తబోతే విదిలించేస్తారు. మూడు క్లాసులకే మానేద్దామనిపిస్తోంది. అర్థంకానిది చేయించి ఏం లాభం? (ఒక కోడలు, గుంటూరు)

జవాబు: మానకండి. అత్తయ్యగారు చెయ్యలేక కాదు, ఆ మాట ఆవిడ చేతి దాకా చేరడం లేదు. ‘కుడి చెయ్యి పైకి’ అన్న మూడు మాటల వెనక ఎంత పని ఉందో చూడండి. మాట వినాలి, అది జారిపోకుండా పట్టుకోవాలి, కుడి ఏదో తేల్చుకోవాలి, అప్పుడు చేతికి చెప్పాలి. అల్జీమర్స్‌లో ముందుగా దెబ్బతినేవి ఇవే. కానీ ఏళ్ళ తరబడి చేసి చేసి ఒంటికి పట్టిన పనుల జ్ఞాపకం మెదడులో వేరే చోట ఉంటుంది. అది చాలాకాలం నిలుస్తుంది. పొద్దున టిఫిన్ తిన్నదీ లేనిదీ చెప్పలేని మనిషి మల్లెలు ఒళ్ళో పోస్తే మాల కట్టెయ్యడం అందుకే.

కాబట్టి వ్యాయామాన్ని పేరు పెట్టి అడగకండి, పని పేరుతో అడగండి. ఒక ఖాళీ చాట ఆవిడ ఒళ్ళో పెట్టి, మీరూ ఒకటి పట్టుకుని ఎదురుగా కూర్చుని చెరగడం మొదలుపెట్టండి. ఏమీ చెప్పక్కర్లేదు. కాసేపు చూస్తారు. తర్వాత రెండు చేతులూ చాట అంచులను పట్టుకుంటాయి, మోచేతులు పక్కలకు దగ్గరవుతాయి, మణికట్లు ఎగరేస్తాయి. ఆ ఎగరేతతో పాటే భుజాలు వదులవుతాయి, నడుము కొంచెం ముందుకీ వెనక్కీ ఊగుతుంది. చాలామంది పెదవులు బిగించి పొట్టు ఊదుతారు కూడా, అది శ్వాస వ్యాయామం. ఇన్ని కీళ్ళను ఒకేసారి కదిలించే కసరత్తు మాటలతో చెప్పి చేయించాలంటే పావుగంట పడుతుంది. ఎనిమిది ఎగరేతలయ్యాక చాట ఒళ్ళో దించి, ఊపిరి రెండుసార్లు తీసేంతసేపు ఊరికే ఉండండి. మళ్ళీ ఎనిమిది.

బావిలో నీళ్ళు చేదినట్టు తాడు లాగితే చేతులు తలపైదాకా వెళ్తాయి. తిరగలి తిప్పితే నడుము తిరుగుతుంది. ఒకవైపు అయిదు తిప్పాక రెండోవైపు అయిదు. తడిబట్ట పిండితే పిడికిలి గట్టిపడుతుంది. ఒట్టి గాలిని కాకుండా నిజంగానే చిన్న తువ్వాలు తడిపి ఇవ్వండి. మగవాళ్ళయితే సైకిల్ తొక్కడం, తాడు పేనడం. ఆఫీసులో పనిచేసిన ఆయనైతే కాగితాల మీద టపటపా ముద్రలు కొట్టడం. ఏ పని చేసి బతికారో ఆ పనే అడగండి. జీవితంలో చాట పట్టని మనిషికి చాట ఇస్తే అదీ ఒక కొత్త పాఠమే అవుతుంది.

ఇక విదిలించడం సంగతి. పైనుంచి మణికట్టు పట్టుకుంటే ఎవరికైనా చెయ్యి వెనక్కి లాక్కోబుద్ధేస్తుంది. ఎందుకు పట్టుకున్నారో తెలియని మనిషికి మరీను. మీ అరచెయ్యి వెల్లకిలా చాచి, ఆవిడ చేతి కింద పెట్టండి. ఆవిడ చెయ్యి మీ చేతిమీద ఆనాక మెల్లగా కదపండి. బరువు మీది, నడిపించేది ఆవిడ. చూపించాక మనసులో పదిదాకా లెక్కపెట్టండి. ఏడో ఎనిమిదో అంకె దగ్గర కదలిక మొదలవడం మామూలే. మనం మూడుకే తొందరపడి మళ్ళీ చెప్తాం, దాంతో మొదటి మాట కూడా చెదిరిపోతుంది. కుడికి బదులు ఎడమ ఎత్తారా, ఎత్తనివ్వండి. సరిదిద్దవద్దు. మీ టీచరుకు ఈ ఉత్తరం చూపించండి. ఈ తరగతులు నడిపేవారు మాటకన్నా ముందు చేసి చూపించాలి.

ప్రశ్న: మావారికి 78. ఫోన్ టేబుల్ మీద పెట్టి క్లాసు చూపిస్తే దగ్గరికెళ్ళి ఫోన్ వెనక్కి తిప్పి చూస్తారు. తెరమీద తనే కనిపిస్తే ‘ఎవరా ముసలాయన, మనింట్లో ఎందుకున్నాడు’ అని కోప్పడతారు. (హైదరాబాద్)

జవాబు: ఫోన్ పక్కన పెట్టండి. ఆరంగుళాల తెరలో తొమ్మిది మొహాలుంటే ఎవరిని చూడాలో ఆరోగ్యవంతులకే తెలియదు. లాప్‌టాప్‌ను టీవీకి హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్‌తో కలపండి. వైఫై మీద టీవీకి పంపితే బొమ్మ వెనకబడుతుంది, టీచరు చెయ్యి దించేశాక మీకు ఎత్తడం కనబడుతుంది. కేబుల్‌తో ఆ బాధ ఉండదు.

జూమ్‌లో రెండు పనులు చెయ్యాలి. టీచరు బొమ్మ మీది మూడు చుక్కలు నొక్కి ‘పిన్’ చేస్తే టీచరొక్కరే తెరనిండా కనిపిస్తారు. మీ బొమ్మ మీది మూడు చుక్కల్లో ‘హైడ్ సెల్ఫ్ వ్యూ’ నొక్కితే మీవారికి తన మొహం కనిపించదు, మిగతావాళ్ళకు మాత్రం మీరిద్దరూ కనిపిస్తూనే ఉంటారు. తనను తాను గుర్తుపట్టలేకపోవడం ఈ జబ్బులో ఉన్నదే, అద్దం ముందు కూడా ఇలాగే జరగవచ్చు. అది మీరే అని వాదించకండి. బొమ్మ దాచేస్తే చాలు.

లాప్‌టాప్ టీవీ పక్కనే, కూర్చున్న మనిషి ఛాతీ ఎత్తులో ఉండాలి. కుర్చీకీ దానికీ అయిదారు అడుగులు వదిలితే తల నుంచి పాదాల దాకా టీచరుకు కనిపిస్తారు. మీ వెనక కిటికీ ఉంటే మీరు నల్లటి నీడల్లా కనిపిస్తారు, కాబట్టి వెలుగు ముందునుంచి పడేలా కూర్చోండి. ఒకే గదిలో ఫోనూ లాప్‌టాపూ రెండింటినీ కాల్‌లో పెడితే చెవులు చిల్లులుపడే కూత వస్తుంది. ఒకటే చాలు. పాట వచ్చినప్పుడు మైకు కట్టేసి పాడుకోండి. అందరూ మైకులు తెరిచి పాడితే గొంతులు ఒకదాని వెనక ఒకటి వచ్చి తాళం చెడుతుంది.

తెరమీదివాళ్ళు ఇంటికొచ్చిన చుట్టాలనుకుని కాఫీ పెట్టమంటే ‘తాగే వచ్చారట’ అనండి. నవ్వుతూ చెయ్యి ఊపితే ఊపనివ్వండి. తరగతికి అంతకన్నా మంచి ఆరంభం లేదు. లూయీ బాడీ రకం డిమెన్షియాలో లేనివి కనిపిస్తుంటాయి. అలాంటివారు తెరమీది మనుషులను చూసి భయపడితే మాత్రం ఆ పూట టీవీ ఆపేసి, టీచరు చూపించినవి మీరే ఎదురుగా కూర్చుని చేయించండి.

ప్రశ్న: మా బాపుకు 80 దాటినయ్. పోయిన ఏడాది ఒకసారి పడ్డడు. క్లాసుల లేచి నిలబడే వ్యాయామం ఉన్నది. చేయించాల్నా వద్దా? బీపీ, షుగర్ గోలీలు వేసుకుంటడు. (కరీంనగర్)

జవాబు: పడిన మనిషికి లేచి కూర్చునే వ్యాయామమే అన్నిటికన్నా ముఖ్యం. బాత్రూంలో తనంతట తను లేవగలిగేది దాంతోనే. అయితే ముందు రెండు పరీక్షలు చెయ్యండి.

మొదటిది బీపీ. బాపును అయిదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడండి. నిలబెట్టి, పట్టుకుని, ఒక నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకు ఒకసారి చూడండి. నిలబడ్డాక పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడిపోతే డాక్టరుకు ఆ అంకెలు చూపించేదాకా కూర్చుని చేసేవే చేయించండి. రెండోది షుగర్. ఇన్సులిన్ మీదో, షుగర్‌ను బాగా దించే గోలీల మీదో ఉన్నవారికి క్లాసు ముందు 90 కంటే తక్కువ ఉంటే ఒక అరటిపండో రెండు బిస్కెట్లో తినిపించి మొదలుపెట్టండి. 70 కంటే తగ్గితే ఆరోజు క్లాసు లేదు. మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించి, పావుగంటకు మళ్ళీ చూడాలి. డిమెన్షియా ఉన్నవారు ‘కళ్ళు తిరుగుతున్నయ్’ అని చెప్పరు. చెమట, చిరాకు, ఉన్నట్టుండి మౌనం, ఇవే మీకు కబురు.

కుర్చీ చేతులున్న చెక్కదో ఇనుపదో కావాలి. కూర్చునే ఎత్తు 17, 18 అంగుళాలు. వీపు గోడకు ఆనేలా వెయ్యండి. ప్లాస్టిక్ కుర్చీ వద్దు. ఒకవైపు చేతిమీద బరువు వేసి లేచేటప్పుడు దాని కాళ్ళు పక్కకు విచ్చుకుంటాయి. సోఫాలో కూరుకుపోతారు. చక్రాల కుర్చీ మాట ఎత్తనే వద్దు. పంచె, లుంగీ అంచు పాదం కింద పడకుండా పైకి చెక్కండి. టైల్స్ మీద సాక్సులు, హవాయి చెప్పులు రెండూ ప్రమాదమే. ఒట్టి కాళ్ళు మేలు. కుర్చీ ముందున్న నల్లటి కాలిపట్టా తీసెయ్యండి. లోతు అంచనా తప్పిన కంటికి అది గొయ్యిలా కనిపిస్తుంది, అడుగు వెయ్యడు.

ఇక లేపడం. ముందు కుర్చీ అంచుకు జరగాలి, ఒకసారి ఒక తుంటి, ఇంకోసారి ఇంకో తుంటి. పాదాలు వెనక్కి లాగి, మడమలు మోకాళ్ళకన్నా కొంచెం వెనక ఉంచాలి. రెండు పాదాల మధ్య జానెడు దూరం. చేతులు కుర్చీ చేతుల మీద. ముక్కు కాలివేళ్ళ పైకి వచ్చేదాకా ముందుకు వంగి, అప్పుడు నొక్కి లేవాలి. ఎక్కువగా తప్పేది ఇక్కడే. పడతానన్న భయంతో మనిషి వెనక్కి వాలుతాడు, సగం లేచి దబ్బున కూలబడతాడు. ఎముకలు గుల్లబారిన వయసులో ఆ కూలబడటానికే వెన్నుపూస నలుగుతుంది. ‘వంగు బాపూ’ అంటే వంగడు. అతని మోకాళ్ళకు మూరెడు ముందు, కిందుగా, ఒక తువ్వాలు పట్టుకుని ‘ఇది తీస్కో’ అనండి. చెయ్యి చాచడంతో నడుము దానంతటదే వంగుతుంది. ‘హైలెస్సా’ అని ఒక ఊపు అందించండి. ఆ మాట వినగానే లేచే ఒళ్ళు చాలా ఉన్నాయి మన పల్లెల్లో.

మీరు ఎదురుగా నిలబడి రెండు చేతులూ పట్టి లాగవద్దు. లాగినకొద్దీ ఆయన వెనక్కి బిగుస్తాడు. చంకల్లో చేతులు పెట్టి లేపితే ఆయన భుజం, మీ నడుము రెండూ పోతాయి. పక్కన నిలబడి, ఒక అరచెయ్యి ఆయన నడుము వెనక ఆనించి, రెండో ముంజెయ్యి పట్టుకోవడానికి ఇవ్వండి. మొదటివారం మూడుసార్లు చాలు, నడుమ ఒక నిమిషం విశ్రాంతి. తర్వాత అయిదుకు పెంచండి. ఛాతీలో నొప్పి, ఒకవైపు చెయ్యీ కాలూ బలం తప్పడం, మూతి వంకరపోవడం, మాట తడబడటం కనిపిస్తే క్లాసు వదిలేసి 108కి చెయ్యండి.

ప్రశ్న: అమ్మ విజయవాడలో, నేను డల్లాస్‌లో. క్లాసులో నేనూ చేరాలని ఉంది. సాయంత్రం బ్యాచ్‌లోనే ఖాళీ ఉందంటున్నారు.

జవాబు: సాయంత్రం వద్దు. పొద్దుగూకే వేళకు ఈ జబ్బులో గాభరా, చిరాకు పెరుగుతాయి. ఉదయం టిఫిన్ తిన్న గంటకు, స్నానం, దొడ్డికెళ్ళడం అయ్యాక పెట్టుకోండి. అక్కడ ఉదయం 8:30 అంటే మీకు వేసవిలో ముందురోజు రాత్రి 10, చలికాలంలో 9. మార్చిలో, నవంబరులో మీ గడియారం మారినప్పుడు మీరు సర్దుకోండి, అమ్మ వేళ మార్చకండి. వారానికి రెండో మూడో రోజులు, అవే రోజులు, అదే కుర్చీ. అరగంట సరిపోతుంది. మీరు తెరమీద ఉంటే సరిపోదు, అమ్మ పక్కన ఇంకో మనిషి తప్పకుండా ఉండాలి. అక్కడి నుంచి ‘అమ్మా అలా కాదు’ అని పిలవకండి, ఆ గొంతు ఎక్కణ్ణుంచి వచ్చిందో వెతుక్కుంటూ ఆవిడ లేచి నడుస్తుంది.

ప్రశ్న: దీంతో జబ్బు తగ్గుతుందా? కనీసం ముదరకుండా ఆగుతుందా? నిజం చెప్పండి. (రాజమహేంద్రవరం)

జవాబు: తగ్గదు. ఇంగ్లండులో 494 మందితో ‘డాపా’ అనే పెద్ద పరీక్ష చేశారు. జిమ్ తరహాలో గట్టి వ్యాయామమే చేయించారు. 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఫలితం వచ్చింది. ఒంట్లో సత్తువ పెరిగింది, జ్ఞాపకం తరగడం మాత్రం నెమ్మదించలేదు. కాబట్టి ‘ఆరు వారాల్లో జ్ఞాపకశక్తి వెనక్కి’ అని ఎవరైనా ప్రకటిస్తే డబ్బు కట్టకండి.

మరి ఎందుకు చెయ్యాలంటే, కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఉండిపోతే నెలల్లో కాళ్ళు సన్నబడతాయి, మడమలు బిగుస్తాయి. అప్పుడు జబ్బుకన్నా ముందు మంచం వస్తుంది. దాన్ని వెనక్కి నెట్టడానికి. పగలు ఒళ్ళు అలిస్తే రాత్రి నిద్రకు సాయపడుతుంది. ఇంకోటి, ‘అన్నం తిను, బట్ట మార్చుకో’ అనే మాటలు తప్ప వేరే మాటలే లేని ఇంట్లో ఇద్దరు మనుషులు కలిసి ఒక పని చేసే అరగంట ఇది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళు ‘మూవింగ్ టుగెదర్’ పేరుతో ఆన్‌లైన్ తరగతి తయారుచేసింది ఈ ఉద్దేశంతోనే. ఒంటికి గుర్తున్న కదలికలు, ఇప్పుడు ఈ క్షణం ఒళ్ళు ఎలా ఉందో గమనించడం, పక్క మనిషితో కలవడం, ఈ మూడింటి మీదే దాన్ని కట్టారు. యోగా నుంచి, చైనావాళ్ళ నెమ్మది కదలికల వ్యాయామం తైచీ నుంచి కూడా తీసుకున్నారు. నెమ్మదిగా, అదే కదలికను చిన్న మార్పుతో మళ్ళీ మళ్ళీ చేస్తారు. తొందర ఉండదు. ఏ తరగతినైనా మీరు ఆ కొలతతోనే చూడవచ్చు.

ప్రశ్న: నాకు 69, ఆయనకు 76. చూసుకునేది నేనొక్కదాన్నే. క్లాసులో ఆయన చేస్తున్నారా లేదా చూడటంతోనే సరిపోతోంది. నేనూ చెయ్యాలా? నాకు నడుంనొప్పి. (విశాఖపట్నం)

జవాబు: మీరు ముందు చెయ్యాలి. ఆయన టీచరును కాదు, మిమ్మల్ని చూసి చేస్తారు. మీరు చేతులు కట్టుకుని ఆయన్నే చూస్తుంటే, తనేదో తప్పు చేస్తున్నానని ఆయనకు తెలుస్తుంది. మాట మరిచిన మనిషికి కూడా మొహం చదవడం వస్తుంది. ఆయన కుర్చీకి పక్కగా, ఒక అడుగు ముందుకు మీ కుర్చీ వెయ్యండి. ఓరకంట ఇద్దరూ ఒకరికొకరు కనిపిస్తారు.

మీ నడుముకు రెండు పనులు. కూర్చుని ఊపిరి తీసుకుంటూ ఛాతీ కొంచెం ముందుకు తెరిచి, వదులుతూ వీపు గుండ్రంగా చేసి బొడ్డును లోపలికి లాగండి. ఆరుసార్లు. భుజాలు చెవులదాకా ఎత్తి, ‘హమ్మయ్య’ అని పైకి అంటూ ఒక్కసారి వదిలెయ్యండి. నాలుగుసార్లు. ఆయనా అంటారు చూడండి. ఆయన చెయ్యకుండా కిటికీలోకి చూస్తూ కూర్చున్నా మీరు ఆపకండి. లేచి నడిస్తే నడవనివ్వండి, దారిలో అడ్డం లేకుంటే చాలు. ఆ అరగంట మీది కూడా.

ప్రశ్న: క్లాసు ఎంచుకునే ముందు ఏం అడగాలి? మా ఇంట్లోవాళ్ళు కెమెరా పెడితే నలుగురికీ తెలుస్తుందంటున్నారు. (వరంగల్)

జవాబు: టీచరు చదివింది ఫిజియోథెరపీయా, ఆక్యుపేషనల్ థెరపీయా (రోజువారీ పనులు చేసుకోవడానికి సాయపడే చికిత్స), యోగానా అని అడగండి. ఏదైనా సరే, డిమెన్షియా ఉన్నవారితో పనిచేసిన అనుభవం ఉందా అన్నది అంతకన్నా ముఖ్యం. ఒక తరగతిలో ఎనిమిది పది జంటలకు మించితే ఒక్క టీచరు అందరినీ చూడలేరు, రెండో మనిషి ఉండాలి. చేరేముందు మందుల పేర్లు, పడిన చరిత్ర, ఇంటి చిరునామా, అత్యవసరంలో పిలవాల్సిన నంబరు తీసుకుంటున్నారా చూడండి. ఇవి అడగకుండా డబ్బు మాత్రమే అడిగే తరగతి మీకు వద్దు. మొదటి క్లాసు ఉచితంగా చూడనివ్వమనండి.

కెమెరా తెరిచే ఉంచండి. జబ్బున్న మనిషి జారుతుంటే టీచరుకు కనబడేది దాంతోనే. తెరమీద ఇంటిపేరు బదులు ‘తాతయ్య, వరంగల్’ అని పెట్టుకోవచ్చు. రికార్డు చెయ్యబోమని మాట తీసుకోండి. నలుగురికీ తెలిస్తే ఏమవుతుందని ఇంట్లోవాళ్ళను అడగండి. మన దేశంలో 60 దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి ఈ జబ్బు ఉందని 2023లో వచ్చిన అంచనా. దాచిపెట్టడంవల్ల సాయం అందేది తగ్గుతుంది, అంతే. అల్జీమర్స్ కుటుంబాల కోసం 1992లో కొచ్చిలో మొదలైన ఏఆర్‌డీఎస్‌ఐ సంఘానికి హైదరాబాద్‌లోనూ శాఖ ఉంది. పెద్దవాళ్ళకు ఏ సాయం కావాలన్నా ప్రభుత్వ ఎల్డర్‌లైన్ 14567కి చెయ్యవచ్చు.

ప్రశ్న: అమ్మ మంచంలోనే ఉంది. మాట్లాడదు. ఆవిడకు ఇక క్లాసు అవసరం లేదుగా? (నెల్లూరు)

జవాబు: పూర్తి క్లాసు వద్దు, పది నిమిషాలు చాలు. తల వైపు మంచం ఎత్తి, మోకాళ్ళ కింద దిండు పెట్టండి. టీచరు గొంతు, పాట మెల్లగా వినిపించనివ్వండి. పాదాన్ని మడమ దగ్గర ఒక చేత్తో పట్టుకుని, వేళ్ళను ఆవిడ వైపు మెల్లగా వంచి అయిదు లెక్కపెట్టి వదలండి. కాలికి అయిదుసార్లు. బిగిసిన పిడికిలిని వేళ్ళు లాగి తెరవకండి. మణికట్టును కొంచెం లోపలికి వంచితే వేళ్ళు వాటంతటవే వదులవుతాయి. అప్పుడు బొటనవేలితో మొదలుపెట్టి ఒక్కొక్కటిగా తెరిచి, కొబ్బరినూనె రాసి, తడి లేకుండా తుడిచి, చిన్న మెత్తటి గుడ్డచుట్ట పట్టించండి. కనుబొమలు ముడివేస్తే, ఊపిరి వేగమైతే అక్కడే ఆపండి. ఆ తర్వాత చేతిలో చెయ్యి పెట్టి పాట తాళానికి మెల్లగా తట్టండి. తట్టడం ఆపి చూడండి, ఆవిడ వేలు ఒకటి కదలవచ్చు.